ముందు పాలు పోయండి, పైసలు తర్వాత!

కృతజ్ఞతకు ఒక మర్యాద ఉంది. మేలు జరిగాక చెప్పాలి. మేలు పొందినవాడు చెప్పాలి. సొంత మాటల్లో, సొంత ఖర్చుతో చెప్పాలి. ఇది బడిపిల్లలకు తెలుసు. తెలియనిదల్లా మన సర్కార్లకే!

మన దగ్గర థ్యాంక్యూ కార్డు జేబులో పట్టదు. చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టి దానికి పాలాభిషేకం చేస్తారు. సాయంత్రం మంత్రివర్గం తీర్మానం. తెల్లారేసరికి ముఖ్యమంత్రి బొమ్మ, కండువాలు, పాల ప్యాకెట్లు, ఫొటోగ్రాఫరు, అన్నీ రెడీ. జీవో వచ్చిందా? రాలేదు. మార్గదర్శకాలు? తయారవుతున్నాయి. డబ్బు ఖాతాలో పడిందా? అబ్బే, అంత తొందరైతే ఎలాగండీ! పాలు మాత్రం పోసేశారు. పుట్టని బిడ్డకు బారసాల మనకు కొత్తా?

తెలంగాణ రుణమాఫీనే చూడండి. 2024 జూలై 18న తొలి విడత. లక్ష లోపు అప్పులు మాఫీ. రైతు వేదికల్లో సంబరాలు. ఆగస్టు 15న రెండు లక్షల దాకా మాఫీ చేసేశాం, మాట నిలబెట్టుకున్నాం అని ప్రకటన. బాగుంది. మరి నవంబరు 30న మహబూబ్‌నగర్ సభలో ఇంకో మూడు లక్షల మందికి పైగా రైతులకు రూ.2,747 కోట్లు ఎందుకు విడుదల చేసినట్టు? పూర్తయిన మాఫీకి ఈ మిగులు ఎక్కడిది స్వామీ? ఆ మూడున్నర నెలలు బ్యాంకు మెట్లెక్కి దిగిన రైతు ఎవరికి థ్యాంక్స్ చెప్పుకోవాలి? మేనేజరుకా, మెట్లకా?

ఇది చదివి మిగతా పార్టీలు చంకలు గుద్దుకోనక్కర్లేదు. 2023 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో ఇంటింటికీ తిరిగి తలుపుల మీద 'మా నమ్మకం నువ్వే జగన్' అని స్టిక్కర్లు అంటించారు. నమ్మకం ఎవరిది? ఇంటివాళ్లదట. మాట ఎవరు రాశారు? పార్టీ. అచ్చు ఎవరు వేశారు? పార్టీ. అంటించింది? పార్టీ. ఇంటివాళ్లు ఇచ్చింది తలుపొక్కటే. ఏడాది తిరిగాక ఆ నమ్మకం ఎంతో పోలింగ్ బూత్‌లో తేలింది. 175లో 11.

ఢిల్లీ ఏమైనా తక్కువ తిన్నదా? 2021 జూన్‌లో పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లకు ఉచిత టీకా మొదలుపెట్టారు. వెంటనే యూజీసీ నుంచి విశ్వవిద్యాలయాలకు సందేశం. ప్రధానికి ధన్యవాదాలు చెబుతూ హోర్డింగులు పెట్టండి అని! డిజైన్ కూడా వాళ్లే పంపారు. కాపీ కొట్టిన కుర్రాణ్ని డిబార్ చేసే విశ్వవిద్యాలయానికి, కాపీ కొట్టమని పైనుంచే చీటీ అందిందన్నమాట. రెండు నెలల ముందు ఆక్సిజన్ కోసం పరుగులు పెట్టి అయినవాళ్లను పోగొట్టుకున్న ఇళ్లు ఆ హోర్డింగులో ఏ మూలన సంతకం పెట్టాలి?

అసలు ఈ డబ్బు ఎవరిది? అగ్గిపెట్టె కొన్న ప్రతివాడూ పన్ను కడుతున్నాడు. మన డబ్బు తీసుకుని మనకే పప్పు కొలిచిచ్చి, 'ఏదీ, నాకో దండం పెట్టు' అనే కిరాణా కొట్టువాణ్ని ఎవరైనా ఊరుకుంటారా? సర్కారును మాత్రం ఊరుకుంటున్నాం. పైగా దండం పెట్టే ఫొటోకు ఖర్చు కూడా మనదే!

ఈ బొమ్మల పిచ్చిని సుప్రీంకోర్టు ఒకసారి పట్టుకోబోయింది. 2015 మే 13న సర్కారీ ప్రకటనల్లో రాష్ట్రపతి, ప్రధాని, ప్రధాన న్యాయమూర్తి ఫొటోలు తప్ప ఇంకెవరివీ వద్దంది. ఇక చూడాలి, రాష్ట్రాల లబోదిబో! కేంద్రం కూడా వంత పాడింది. 2016 మార్చి 18న గవర్నర్లకు, ముఖ్యమంత్రులకు, మంత్రులకు సడలింపు దొరికింది. ఏడాది కూడా తిరగలేదు. మీ పొలం గట్టు తగాదా ఎన్నేళ్లుగా నడుస్తోంది? బొమ్మ తగాదా అయ్యుంటే ఈపాటికి తేలిపోయేది.

పొదుపు మీద ప్రేమ లేదని మాత్రం అనకండి. 2020 సెప్టెంబరులో కేంద్ర ఆర్థిక శాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. ఇకపై ఏ మంత్రిత్వ శాఖా, ఏ ప్రభుత్వ బ్యాంకూ క్యాలెండర్లు, డైరీలు, పండగ గ్రీటింగ్ కార్డులు అచ్చు వేయకూడదు. భేష్! అరచేతిలో పట్టే కార్డు దుబారా. పత్రిక మొదటి పేజీ నిండా నవ్వే మొహం మాత్రం ప్రజలకు సమాచారం.

పండగ శుభాకాంక్షల ఫ్లెక్సీ సంగతి సరేసరి. సంక్రాంతి ఒక మూలన చిన్న గంగిరెద్దై నిలబడుతుంది. మిగతాదంతా అన్నయ్య. అన్నయ్య పక్కన తమ్ముడు. కింద స్టాంపు బిళ్లల్లా నలభై మంది. శుభాకాంక్షలు ఎవరికి? నడిచిపోయే మనకు కాదు. కారులో వెళ్లే అన్నయ్యకు! మనం చేయాల్సిందల్లా ఫ్లెక్సీ అడ్డొచ్చి కనబడని మలుపులో ప్రాణాలు కాపాడుకోవడమే. 2019 సెప్టెంబరులో చెన్నైలో 23 ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఇంజినీరు స్కూటర్ మీద వెళ్తుంటే, ఒక పార్టీ నాయకుడి ఇంటి పెళ్లి బ్యానర్ మీద పడింది. వెనకే నీళ్ల ట్యాంకర్. అక్కడికక్కడే కాకపోయినా, ఆ రోజే ప్రాణం పోయింది. పెళ్లి వాళ్లది, చావు ఆమెది.

2022 ఆగస్టులో విశాఖలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి ప్లాస్టిక్ ఫ్లెక్సీలు నిషేధం అన్నారు. నవంబరు 1 నుంచి అన్నారు. తర్వాత జనవరి 26 దాకా జరిపారు. ఇప్పుడు మీ ఊరి సెంటర్‌కు వెళ్లి తల ఎత్తి చూడండి. ఆకాశం కనబడితే చెప్పండి.

మరి సర్కారు ఎవరికైనా థ్యాంక్స్ చెబుతుందా? ఎందుకు చెప్పదు? ఖర్చు లేకపోతే గుండెలనిండా చెబుతుంది. 2020 మార్చి 22న చప్పట్లు. మే 3న ఆసుపత్రుల మీద హెలికాప్టర్ నుంచి పూలు. 2022లో ఆశా కార్యకర్తలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పురస్కారం ఇస్తే మన నేతలకు ఛాతీ ఉప్పొంగింది. అదే ఆశాలు 2024 డిసెంబరులో హైదరాబాద్ కోఠిలో నెలకు 18 వేలు ఇవ్వండని రోడ్డెక్కితే పోలీసు వ్యాను దొరికింది. 2024 జనవరిలో జీతం పెంచమన్న ఆంధ్రా అంగన్‌వాడీలకు దొరికిన శుభాకాంక్ష పేరు సమ్మెలను నిషేధించే ఎస్మా.

ఆంధ్రాలో గ్రామ, వార్డు వాలంటీర్ల కథ ఇంకా పసందు. ఐదు వేలు చాలడం లేదని 2021లో వాళ్లు నోరు విప్పితే ముఖ్యమంత్రి నుంచి లేఖ వచ్చింది. ఇది ఉద్యోగం కాదు, సేవ అని. ఆపై ఉగాదికి సేవామిత్ర, సేవారత్న, సేవావజ్ర బిరుదులు. రత్నం, వజ్రం మెడలో. గౌరవ వేతనం అక్కడే. 2024 ఉగాదికి అవతలి కూటమి వచ్చి 'మేమైతే పదివేలు' అంది. ఓట్లు పడ్డాయి. కుర్చీ దొరికింది. తర్వాత? 2023 ఆగస్టు నుంచే మీరు వ్యవస్థలో లేరు పొమ్మని చట్టసభలో జవాబు. ఒకాయన వజ్రం అన్నాడు. ఇంకొకాయన అసలు లేవన్నాడు. ఇద్దరికీ పాలాభిషేకాలు జరిగాయి.

మనం మాత్రం ఏం తక్కువ? నాలుగు డీఏలు బాకీ ఉంటే ఒకటి విదిల్చినందుకు పూలబొకేతో క్యూ కట్టే సంఘ నాయకుడు మనవాడు కాడా? గుంత పూడ్చినందుకు కార్పొరేటరుకు స్టేటస్ పెట్టింది మనం కాదా?

ఇకనుంచి ఆఫీసు పద్ధతిలోనే పోదాం. అయ్యా, తమరు కోరిన ధన్యవాదాల అర్జీ అందింది. దానికి డబ్బు జమ అయిన రుజువు జతచేయలేదు. బొమ్మ సైజు నిబంధనలకు మించి ఉంది. ఖర్చు ఎవరి ఖాతాలోదో వివరణ లేదు. ఫైలు పరిశీలనలో ఉంది. సంబంధిత ఓటరు సీట్లో లేరు.

రేపు రండి.