దేవుడికే గదండీ!

కొంతకాలముగా నా చెవులలో ఒకే మాట మ్రోగుచున్నది: “దేవుడికే గదండీ!” ఎవరనిరో, ఏ వేళ అనిరో, ఏ గోడమీదుగా అనిరో చెప్పనక్కరలేదు, ఇంటిముందు నాలుగు పూలమొక్కలున్న ప్రతి తెలుగువానికిని ఆ గొంతు తెలియును, ఆ చేతిలోని ప్లాస్టికు సంచి తెలియును, మందారకొమ్మను వంచుటకై కొసకు వంకె కట్టిన ఆ కఱ్ఱయు తెలియును. మధుమేహమునకై ప్రతిదినమొక గంట నడువుమని వైద్యుడు శాసింపగా, ఆ గంటలో ముప్పాతిక భాగము మా ప్రహరీగోడ ప్రక్కనే నడచు ఆ పొరుగింటి పెద్దావిడను నేనేమియు అనలేను. ఏలయనగా ఆమె కోయుచున్నది తనకొఱకు గాదు. తనకొఱకైనచో అది దొంగతనము. దేవునికొఱకైనచో అడ్డుపడిన నేను పాపాత్ముడను. అత్తసొమ్ము అల్లుడు దానము చేసినట్లు నా గులాబీలతో ఆమె కూడబెట్టు పుణ్యములో నాకును వాటా యున్నదని ఆమెయే దయతో సెలవిచ్చినది. వాటా యెంతయో మాత్రము చెప్పలేదు.

నందివర్ధనమైనచో నేను నోరు మెదపను. గన్నేరుకై గొడవపడను. అవి మనము అడుగకయే పూయును. గులాబి యట్టిది కాదు. కడియపులంక నర్సరీలన్నియు తిరిగి, ఎండలో మాడి, బేరమాడి, నల్లని కవరులోని అంటుమొక్కను పసిబిడ్డ నెత్తుకొనినట్లు బస్సులో ఒడినుంచుకొని తెచ్చి, పశువుల యెఱువును వేపపిండియు వేసి, వేరుసెనగ చెక్క నానవేసిన నీళ్ళు పోసి (ఆ నీళ్ళ వాసనకు మా యింటికి చుట్టముల రాకపోకలు తగ్గినవి, ఇది యొక్కటే నాకు కలిగిన లాభము), అంటుకట్టిన చోటికి దిగువనుండి గుట్టుగా లేచు అడవిపిలకలను కనిపెట్టి తీసివేయుచుండవలెను. సాధారణముగా మేలిజాతి రెమ్మకు ఐదాకులు, ఈ పిలకకు ఏడాకులు. బలము మాత్రము దీనిదే. ఇన్ని చేసి, కొమ్మలు కత్తిరించిన పిదప సుమారు 45 దినములకు గాని పూవు విచ్చదు. దానిని గోటితో గిల్లుటకు ఱెప్పపాటు చాలును.

గిల్లుటయే నా అసలు బాధ. కోతకొక పద్ధతి కలదు: ఐదాకుల రెమ్మకు కొంచెము పైగా, వెలుపలివైపు చూచు కన్నుమీదుగా, ఏటవాలుగా కత్తెరతో కోసినచో ఆ కన్నునుండి క్రొత్త చిగురు వచ్చును. మెడవద్ద త్రుంచి విడిచినచో మిగిలిన కాడ యెండి, ఆ యెండు క్రిందికి ప్రాకి, కొమ్మనే తినివేయును. ఇది యాలోచించి, కోయువారు కోయుదురు గాక, తిన్నగా కోయుదురని గేటునకొక కత్తెర వ్రేలాడదీసితిని. పూలు పోయినవి, కత్తెరను ఎవరును ముట్టలేదు.

పూలదొంగలకు ఉపాయము పన్నుట మనకు క్రొత్త గాదు. శివమహిమ్నస్తోత్రకర్తయని ప్రతీతి గల పుష్పదంతుడను గంధర్వుడు, ఒక రాజుగారి తోటలో అదృశ్యరూపుడై శివపూజకు పూలు కోసికొనిపోవుచుండగా, రాజు త్రోవలో శివనిర్మాల్యము చల్లించెననియు, దానిని త్రొక్కినంతనే గంధర్వుని అదృశ్యశక్తి నశించెననియు కథ. నాకీ యుపాయము కొఱగాదు. మా పొరుగావిడ అదృశ్యముగా రాదు. నన్ను చూచి, పలుకరించి, మోకాళ్ళ నొప్పుల సంగతి విచారించి మరీ కోయును. కావున స్వదేశోపాయమును విడిచి ఫ్రాన్సు దేశమువైపు చూడవలసివచ్చినది.

ఆ దేశమున బోర్డో నగరమునకు చేరువ మెడాక్ అను ద్రాక్షసీమ కలదు. అమెరికానుండి వచ్చిన బూజు తెగులు సోకి తోటలు ఆకురాల్చుచున్న 1882వ సంవత్సరమున, మిలార్డె అను వృక్షశాస్త్రాచార్యుడు ఆ దారిని పోవుచు, బాటప్రక్క వరుసలు మాత్రము నిండుటాకులతో నుండుట చూచి నిలిచిపోయెను. విచారింపగా, దారినపోవువారు పండ్లు త్రుంచుకొని తినకుండుటకై, చూచినంతనే విషమని తోచునట్లు, తోటవారు ఆ వరుసలపై మైలుతుత్తమును సున్నమును కలిపి చల్లిరని తెలిసెను. ఆచార్యుడు దానిపై ప్రయోగములు జరిపి 1885లో లోకమునకు వెల్లడించెను. మన తమలపాకు తోటలలోను నిమ్మతోటలలోను నేడు చల్లు బోర్డో మిశ్రమమిదియే. మెడాక్ బాటసారులు ఋజువర్తనులై, పరుల ద్రాక్షలవంక కన్నెత్తియైనను చూడనివారై యున్నచో, ఈ మందు ఎన్నడు పుట్టియుండునో, అంతవఱకు ఎందఱు రైతులు తలలు బాదుకొనియుందురో యోచింపుడు! ఆచార్యునకు కీర్తి దక్కినది. ఆ దొంగలకు దక్కినది లేదు. పాపము, వారియందొక సుగుణమున్నది: నీలిమరకను చూచి భయపడిరి.

గులాబి ఆకులపై నల్లమచ్చ తెగులునకును ఈ మందు చల్లుదురు గనుక, స్వామికార్యము స్వకార్యము రెండును నెఱవేఱునని నేనును సిద్ధపడితిని. ఒక బకెట్టులో మైలుతుత్తము కరగించి, వేఱొకదానిలో సున్నము కలిపి, రెంటిని చేర్చి, తోమిన యినుపచాకును అందులో ముంచి తీసితిని. చాకు ఎఱ్ఱబడెను; సున్నము చాలలేదన్నమాట. మఱికొంత చేర్చగా తెల్లగానే వచ్చెను. సాయంకాలము ఆకులు, మొగ్గలు, పూలు సమస్తమును తడియునట్లు చల్లి, మఱునాడు చీకటితోనే లేచి అరుగుమీద కూర్చుంటిని.

“అదేమిటండీ మాస్టారూ, పూలిలా నీలంగా ఉన్నాయి?”

“మందు కొట్టానండీ పిన్నిగారూ. మైలుతుత్తం. విషం!” అంటిని, విషమన్న మాటను కొంచెము ఒత్తి పలికి.

ఆమె ఒక పూవును అటునిటు త్రిప్పి చూచి, పుటుక్కున త్రుంచి, సంచిలో వేసికొనెను. “మా ఇంట్లో శివుడేనండీ. హాలాహలమే మింగినాయనకి మైలుతుత్తం ఒక లెక్కా?”

ఫ్రెంచి దొంగకును మన భక్తురాలికిని గల భేదము నాకప్పుడు బోధపడినది. అతడు కోసినదానిని తానే తినవలెను.

ఇంతగా కావలికాచి దక్కించుకొనిన పూలు ఏమగుచున్నవందురా? మా యింటావిడ ఒకప్పుడు విచ్చీవిచ్చని పూవును చూచి కోయించుకొని జడలో తుఱుముకొనెడిది. ఇప్పుడు అందించినను “ఈ వయసులో నాకెందుకండీ” అని బల్లమీద పెట్టి మఱచిపోవును. అమ్మాయి దూరదేశమున నున్నది. ఇక్కడ నున్ననాడును పూవు నిలుచునంత జుట్టు ఉంచుకొనలేదు. మిగిలిన పూవు ఎండకు వెలవెలబోయి, ఏ పిట్టయో వ్రాలినంతనే రేకులుగా పాదులో రాలిపోవును. చూచుకొనుటకే పెంచుచున్నానని వచ్చినవారితో చెప్పుచుందును గాని, ఆ రేకులను చీపురుతో ప్రోగుచేయునప్పుడు చేయి కొంచెము ఆడదు.

అయినను కోపము కోపమే. వానలు మొదలైన దినములలో ఆమె గోడవద్దకు వచ్చి, “రోజూ మిమ్మల్ని ఇబ్బంది పెట్టడమెందుకండీ, ఒక కొమ్మ ఇవ్వండి, మా పెరట్లో గుచ్చుకుంటాను” అని యడుగగా, నేను మాఱుమాటాడక లోపలికి పోయి, పచ్చగా బలిసిన కొమ్మనొకదానిని కత్తెరతో, ఏటవాలుగా, శాస్త్రోక్తముగా కోసి తెచ్చి యిచ్చితిని. అది అంటునకు పైనుండి తీసినదో, దిగువనుండి తీసినదో ఆమె యడుగలేదు, నేనును చెప్పలేదు. నిన్న గోడమీదుగా తొంగిచూచితిని: రెమ్మకు ఏడేసి ఆకులతో మహోత్సాహముగా పెరుగుచున్నది. అది పూయువఱకు సంచి మామూలే.