15 గ్యాలన్ల బావమరిది

అమెరికాలో ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లుంటే ఏడాదికి 200 గ్యాలన్ల బీరు పన్ను కట్టకుండా కాచుకోవచ్చు, అమ్ముకోకూడదంతే. 1978లో జిమ్మీ కార్టర్ సంతకం పెట్టిన చట్టం ఇది. డాలస్‌లో ఉంటున్న మా బావమరిది దాన్ని రేషన్ కోటా అనుకున్నాడు. విడిపించుకోకపోతే మురిగిపోతుందని బెంగ.

అందుకే 15 గ్యాలన్ల స్టీలు గుండిగ కొన్నాడు. కింద కుళాయి, పక్కన గుండ్రటి థర్మామీటరు. కాచేది మాత్రం 5 గ్యాలన్లు, అంటే 19 లీటర్లు. దానికి 8 గ్యాలన్లది సరిపోతుంది, చెయ్యి తిరగనివాళ్లకి 10 అయితే నిశ్చింత. "రేపు నలుగురొస్తే చాలొద్దా బావగారూ?" అన్నాడు. ఆ ఒక్క మాటతో మనవాళ్లు ఎన్ని ఇళ్లు కట్టలేదు!

బీరులో అసలు కిటుకంతా మొదటి గంటలోనే ఉంది. నలగ్గొట్టిన మొలక బార్లీని వేడినీళ్లలో నానబెడితే అందులోని ఎంజైములు పిండిని చక్కెరగా మారుస్తాయి. 62 నుంచి 65 డిగ్రీల మధ్య ఒకటి చురుగ్గా పనిచేస్తుంది, 70 దగ్గర ఇంకొకటి. అందుకే ఎక్కువమంది 65, 68 మధ్య నిలబెడతారు. గిన్నె నిండుగా ఉంటే వేడి తొందరగా పోదు. వెడల్పాటి గుండిగ అడుగున జానెడు లోతు కూడా లేకపోతే పైనుంచీ పక్కలనుంచీ జారిపోతూనే ఉంటుంది.

మావాడి గుండిగలో నీళ్లు థర్మామీటరు బెజ్జం దాకా అందనే లేదు. ముల్లు గాలిని కొలుస్తూ 50 దగ్గర కూచుంది. ఈయన వేడి పెంచాడు. ముల్లు కదల్లేదు. మళ్లీ పెంచాడు. మా చెల్లెలు, అంటే వాళ్లావిడ, పాలు తోడుపెట్టే ముందు చూసుకునే పుల్ల థర్మామీటరు తెచ్చి ముంచింది. 74!

"అన్నయ్యగారూ, మీరైనా చెప్పకూడదా?" అంది. అంత వేడికి మొదటి ఎంజైము త్వరగా చచ్చిపోతుంది, ఈస్టు తినలేని చక్కెరలు మిగిలిపోతాయి, బీరు చిక్కగా తియ్యగా తయారవుతుంది. నేను చెప్పలేదు. చుట్టపు చూపుగా వెళ్లినవాణ్ణి.

ఆ తర్వాత మరిగించడం. వంటింట్లోంచి ఎప్పుడో బహిష్కరించారు కాబట్టి గరాజులో 1500 వాట్ల హాట్ ప్లేటే గతి. పాతిక లీటర్లు 20 డిగ్రీల నుంచి 100కి ఎక్కాలంటే సుమారు 2.3 యూనిట్ల కరెంటు కావాలి, కాగితం మీద గంటన్నర. ఆ కాగితానికి గుండిగ ఒళ్లు తెలియదు. కొన్న వేడిలో చాలా భాగం గరాజుకే దానం. మూత పెడదామంటే మరిగేటప్పుడు పెట్టకూడదు, ఉడికిన మొక్కజొన్నలాంటి వాసన బీరులోనే ఉండిపోతుంది. చివరికి నడుమ నాలుగు బుడగలు వచ్చాయి. అంచుల్లో, చేదు కోసం వేసిన హాప్స్ పూలు కదలకుండా తేలుతున్నాయి.

గుండిగ గొప్పదనమూ చెప్పాలి. పొంగు వచ్చినప్పుడు చిన్న గిన్నెలవాళ్లు పొయ్యి కడుక్కుంటారు. ఇక్కడ పొంగు సగం దాకా కూడా రాలేదు. అసలు పొంగిందా అని కూడా నా అనుమానం.

చిన్న గిన్నె కొనుక్కోవయ్యా అన్నాను. వినలేదు. గరాజులోకి 240 వోల్టుల లైను లాగించి 5500 వాట్ల హీటరు బిగిస్తున్నాడు. ఆ లైను ఎలక్ట్రిక్ కారు కోసమని మా చెల్లెలికి చెప్పాడట. వాళ్లకి ఎలక్ట్రిక్ కారు లేదు.