బండికి ఊపిరాడుతలేదంట!

సాయంత్రం ఆరింటికి బోయిగూడ రోడ్డు మీద చీమకు కూడా సందు దొరకదు. సికింద్రాబాద్ స్టేషన్‌లో దిగి సంచులు మోసుకుంటూ నడిచే జనం, టింబర్ డిపోల ముందు దుంగలు దింపే లారీలు, ఎటు తిరుగుతాయో డ్రైవరుకే తెలియని ఆటోలు, గాంధీ ఆస్పత్రికి దారి ఇమ్మని మొత్తుకునే అంబులెన్సు. ఈ పద్మవ్యూహం నడుమ ఒక కుర్రాడు బుల్లెట్ మీద కూర్చుని, రెండు కాళ్లూ నేలకానించి, ఎక్సలేటర్ మెలితిప్పుతుంటాడు. బండి జానెడు కదలదు. చప్పుడు మాత్రం ముషీరాబాద్ దాకా వెళ్లి తిరిగొస్తుంది. దీనికేం రోగమొచ్చింది తమ్మీ అని అడగండి, ఎంతో ఓపికగా చెబుతాడు: "రోగం కాదన్నా, రోగం తీసేసినం. కంపెనోడు దీని ముక్కు మూసిండు. ఎయిర్ బాక్స్ పీకిచ్చి కోన్ ఫిల్టర్ ఏపిచ్చిన. ఇప్పుడు ఫ్రీగ గాలి తీస్కుంటది. పికప్ చూడాలె నువ్వు!"

చూద్దామంటే ముందున్న ఆటో కదలదు.

కంపెనీవాడి తెలివితక్కువతనం గురించి మన గల్లీలో రెండో అభిప్రాయం లేదు. 1955 నుంచి మద్రాసులో బుల్లెట్లు చేస్తున్నవాళ్లకు, ప్రయోగశాలలు పెట్టి జీతాలిచ్చి ఇంజినీర్లను పోషిస్తున్నవాళ్లకు, ఇంజినుకు గాలి కావాలన్న సంగతి తట్టలేదు. తట్టింది ఎవరికి? ఇంటర్ సప్లిమెంటరీకి ఫీజు కట్టడం మరిచిపోయిన మహానుభావుడికి. సైడ్ ప్యానెల్ వెనక ఆ నల్ల డబ్బాను ఆ పిచ్చివాళ్లు బీడీలు దాచుకోవడానికి పెట్టారని ఆయన అనుమానం.

అది ఎందుకు పెట్టారంటే, ఇంజిను గాలిని కుళాయి ధారలా పీల్చదు, గుటకలు వేస్తుంది. ఆ గుటకకు గుటకకు మధ్య నిలకడగా గాలి నిల్వ ఉండాలి, దానికొక గది కావాలి. ఆ గాలి ఇంజిను సెగ తగలని చోటు నుంచి రావాలి. పీల్చేటప్పుడు వచ్చే గుర్రు బయటికి వినపడకూడదు. దుమ్ము లోపలికి పోకూడదు. ఇన్ని పనులు చేసే డబ్బాను పీకి, దాని చోట చక్రకేళి అరటిపండంత ఫిల్టర్ ఒకటి బిగించి, "నాలుగు పనులు ఎందుకన్నా, సౌండ్ వస్తుంది కద" అంటాడు మనవాడు.

ఇక లెక్క చూద్దాం, బుల్లెట్ ఏమీ అనుకోదు. 346 సీసీల ఫోర్ స్ట్రోక్ ఇంజిను రెండు చుట్లకు ఒకసారి గుటక వేస్తుంది. పాత 350 మోడల్ తన మొత్తం బలం, ఒక 20 గుర్రాలు, చూపించేది నిమిషానికి 5250 చుట్ల దగ్గర. అంటే 2625 గుటకలు, గుటకకు మూడో వంతు లీటరు చొప్పున పైపైన చూసుకున్నా నిమిషానికి సుమారు 900 లీటర్లు. కూర్చున్న మనిషి నిమిషానికి పీల్చేది ఆరు నుంచి ఎనిమిది లీటర్లు. అబ్బో, బండికి చాలా గాలి కావాలే అనిపిస్తుంది. కావాలి, నిజమే. కానీ ఆ 5250 చుట్లు గేరు వేసి, ఎక్సలేటర్ పూర్తిగా తెరిచి, ఎదురుగా ఖాళీ రోడ్డున్నప్పటి మాట. బోయిగూడలో ఆ మూడోది ఎప్పుడైనా కనబడితే నాకూ చెప్పండి.

మిగతా సమయమంతా ఎక్సలేటర్ కొద్దిగా తిరిగి ఉంటుంది. కార్బురేటర్‌లో గాలి దారికి అడ్డంగా ఉండే ముక్క దానితో పాటే కొద్దిగా తెరుచుకుంటుంది. గాలి ఆగుతున్నది అక్కడ. వెనక కాగితపు ఫిల్టరున్నా, కోన్ ఫిల్టరున్నా, అసలేమీ లేకున్నా ఆ సందులోంచి దూరేది దాదాపు అంతే. తమ్మీ, నీ బండి గొంతు నొక్కుతున్నది కంపెనోడు కాదు, నీ కుడిచెయ్యి. ఆ చెయ్యిని ఆపుతున్నది ముందున్న ఆటో. నిజంగా పికప్ పెరగాలంటే ఆ ఆటోకు ట్యూనింగ్ చేయించు.

ఇంకో జాతి ఉంది, ముందు వైపు గాలి గొట్టం పెట్టిస్తారు. బండి పరుగెత్తుతుంటే ఎదురుగాలి తనంతట తనే ఇంజిన్లోకి తోసుకొస్తుందట. వస్తుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఆ ఎదురుగాలి ఒత్తిడి మొత్తం పట్టుకున్నా, మామూలు గాలి ఒత్తిడికి అది కలిపేది నూటికి అరవంతు లోపు. గంటకు 20 కిలోమీటర్ల మన వేగంలో దాన్ని కొలవాలంటే పరికరం కంటే ముందు దైవభక్తి కావాలి.

సెగ సంగతి మాత్రం కొలవచ్చు. గాలి పది డిగ్రీలు వేడెక్కితే నూటికి మూడు వంతుల మేర పలచనవుతుంది. అంటే అదే గుటకలో ప్రాణవాయువు తగ్గుతుంది. డబ్బా ఉన్నంత కాలం గాలి కాస్త పక్కగా, చల్లగా వచ్చేది. ఇప్పుడు కోన్ ఫిల్టర్ సరిగ్గా సిలిండర్ తల వెనక కూర్చుని, ట్రాఫిక్‌లో ఆగిన ప్రతిసారీ ఇంజిను వదిలిన సెగనే మళ్లీ పీలుస్తుంది. మే నెలలో 42 డిగ్రీల ఎండ దానికి తోడు. పైగా మనమున్నది దక్కన్ పీఠభూమి మీద, సముద్రానికి 540 మీటర్ల ఎత్తున. మచిలీపట్నంలో దొరికే గాలి కంటే ఇక్కడిది నూటికి అయిదు వంతులు పలచన. ఫిల్టర్ పీకి సంపాదించాననుకున్న గుర్రం పిల్లను కాకతీయుల కంటే ముందే ఈ పీఠభూమి మింగేసింది.

అయితే కుర్రాడు అబద్ధం చెప్పడం లేదు. అతనికి నిజంగానే బండి ఎగిరిపోతున్నట్టు ఉంటుంది. ఎందుకంటే అతను వేగాన్ని కొలిచేది చెవితో. డబ్బా పోయాక ఇంజిను గుర్రు నేరుగా తొడల మధ్య మోగుతుంది. మోత పెరిగింది కాబట్టి వేగం పెరిగింది. ఈ సిద్ధాంతం ప్రకారం మన దగ్గర అన్నిటికంటే వేగంగా పోయే వాహనం పెళ్లి బారాత్‌లో డీజే బండి.

తర్వాతి అంకం మెకానిక్ షెడ్డులో. పెట్రోలు ఒక పాలు మండాలంటే బరువులో 14.7 పాళ్ల గాలి కావాలి. ఫిల్టర్ విప్పేసరికి ఆ లెక్క తప్పి పెట్రోలు చాలదు, ఇంజిను కాగిపోతుంది, ఎక్సలేటర్ వదిలితే సైలెన్సర్లో పటాకులు పేలతాయి. ఉస్తాద్ ప్లగ్గు విప్పి వెలుతురులో పట్టుకుని చూస్తాడు. కాఫీ రంగులో ఉండాల్సింది సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటుంది. "జెట్టు పెద్దది ఎయ్యాలె భాయ్." పెట్రోలు చిమ్మే ఆ జెట్టు సరైనది దొరక్కపోతే ఉన్నదాన్నే సన్న తీగతో గెలికి పెద్దది చేసే శస్త్రచికిత్స కూడా ఉంది. ఇప్పుడు పెట్రోలు ఎక్కువై ప్లగ్గు కాటుక రంగుకొస్తుంది. మళ్లీ గెలుకుడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని పెద్దలు ఊరకే అన్నారా? లీటరు పెట్రోలు వంద దాటి ఏళ్లయింది. ఈ ప్రయోగాల బిల్లు కట్టే నాన్నగారికి మాత్రం బండి ఎందుకు తెగ తాగుతోందో ఎవరూ చెప్పరు.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 బండ్లు ఇంకా తమాషా. వాటిలో సైలెన్సర్ మొదట్లో ఒక సెన్సర్ కూర్చుని, పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూసి పెట్రోలు సరిచేయిస్తుంటుంది. మామూలు వేగంలో నువ్వు ఎంత గాలి వదిలినా అది మళ్లీ పాత లెక్కకే తెచ్చి పెడుతుంది. అంటే డబ్బులు పెట్టి నువ్వు చెడగొట్టినదాన్ని ఫ్రీగా బాగు చేస్తోంది. మనవాడు ఊరుకుంటాడా? ఆ సెన్సర్‌ను మోసగించడానికి ఇంకో చిన్న డబ్బా కొంటాడు. పెద్ద డబ్బా వద్దని మొదలైన ఉద్యమం చిన్న డబ్బా దగ్గర తేలింది.

ఇవన్నీ నేను క్షమించగలను. క్షమించలేనిది చేతి రుమాలు. ఈ కుర్రాడు ఇల్లు కదిలే ముందు ముక్కుకు, నోటికి రుమాలు బిగించి కట్టుకుంటాడు. అడిగితే, "డస్ట్ మస్తుంది అన్నా, డిపోల రంపపు పొట్టు, లారీల దుమ్ము, గొంతు పట్టుకుంటుంది." నిమిషానికి ఎనిమిది లీటర్లు పీల్చే తన ముక్కుకు జల్లెడ కావాలని తెలుసు. వందల లీటర్లు మింగే ఇంజినుకు మాత్రం అరటిపండంత జల్లెడ చాలట. రంపపు పొట్టు మెత్తనిది, అది ఫిల్టర్‌ను కప్పేస్తుంది, అంతే. రోడ్డు దుమ్ములోని ఇసుక అలా కాదు, పిస్టన్ రింగుకూ సిలిండర్ గోడకూ మధ్య దూరి ఉప్పుకాగితంలా అరగదీస్తుంది. కొన్నాళ్లకు బండి ఆయిల్ తాగడం మొదలుపెట్టి, వెనక నీలి పొగ వదులుతుంది. అప్పుడు బోరింగ్, కొత్త పిస్టన్, కొత్త రింగులు. ఆ పొగకు వెనకబండివాడు రుమాలు కట్టుకుంటాడు.

మధ్యలో ఒక మాట. దీన్ని ఇప్పటి కుర్రాళ్ల పిచ్చి అనుకుని తల ఊపుతున్న యాభై ఏళ్ల పెద్దమనుషులు కాస్త ఆగాలి. 1985లో వచ్చి 1996 దాకా తయారైన యమహా ఆర్ఎక్స్ 100 ఫిల్టర్లు పీకి పద్మారావునగర్ వీధుల్లో అమ్మాయిల కాలేజీల చుట్టూ తిరిగింది ఎవరు? అది టూ స్ట్రోక్. దానిలో గాలి ముందు క్రాంక్ గదిలోకి పోయి ఆ తర్వాతే పైకొస్తుంది కాబట్టి దుమ్ము బేరింగుల దాకా వెళ్లేది. 98 సీసీ, 11 గుర్రాలు, వాటిలో సగం మీ చేతుల్లోనే చచ్చాయి. ఇప్పుడు కొడుకును తిడుతున్నారు.

చట్టం సంగతి. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్. 2019 సవరణ తర్వాత అలా మార్చిన యజమానికి మార్పుకు 5,000 రూపాయల చొప్పున జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఆస్పత్రి చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతం, పగలు 50 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి శబ్ద నిబంధనలు. గాంధీ గేటు ముందు ఈ నిబంధనను నిజంగా పాటిస్తున్నవాళ్లు లోపల మత్తులో ఉన్న రోగులే. పోలీసులు అప్పుడప్పుడు సైలెన్సర్లు కుప్పపోసి రోడ్డు రోలర్‌తో తొక్కించి ఫొటోలు దిగుతారు. సైడ్ ప్యానెల్ వెనక దాక్కున్న ఫిల్టర్ జోలికి ఎవరూ పోరు, రోలర్ కింద అది ఫొటోలో కనబడదు మరి. అదే గాంధీ కోవిడ్ రోజుల్లో రాష్ట్రానికంతటికీ పెద్ద దిక్కయింది. లోపల మనుషులు గాలి కోసం కొట్టుకుంటే బయట బంధువులు రోడ్డు మీద పడుకున్నారు. ఆ రోడ్డు మీదే మన బండికి ఊపిరాడుతలేదట!

నిజంగా గాలి దారి మార్చి లాభం పొందేవాళ్లు లేకపోలేదు. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో రేసుబండ్లకు ఫిల్టర్, జెట్టు, క్యామ్, సైలెన్సర్ అన్నీ కలిపి మారుస్తారు, యంత్రం మీద పెట్టి కొలుస్తారు, ఇంజిన్లు విప్పి మళ్లీ బిగిస్తారు. వాళ్ల ముందు ఆటో ఉండదు. మనకూ ఒకసారి రేసు వచ్చింది లెండి. 2023 ఫిబ్రవరి 11న, బోయిగూడ నుంచి కూతవేటు దూరంలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున, దేశంలో మొట్టమొదటి ఫార్ములా ఈ. కుర్రాళ్లంతా ఎగబడి చూశారు. గంటకు 200 కిలోమీటర్లు దాటి దూసుకుపోయిన ఆ కార్లన్నీ కరెంటువి. వాటికి ఎయిర్ ఫిల్టర్ లేదు, కార్బురేటర్ లేదు, పీల్చుకునే ముక్కే లేదు. "సౌండ్ లేదన్నా, మజా రాలె" అని మనవాడు పెదవి విరిచి బయటికొచ్చాడు.

ఏడాది తిరిగేసరికి బుల్లెట్ అమ్మకానికి వస్తుంది. ఫోన్‌లో ప్రకటన: సింగిల్ ఓనర్, షోరూమ్ కండిషన్, అంతా కంపెనీ ఫిట్టింగ్. కొనడానికి వచ్చినవాడు తక్కువ తిన్నవాడు కాదు, రాగానే సైడ్ ప్యానెల్ ఊడదీసి, "ఎయిర్ బాక్స్ ఏదన్నా?" అని ధర కోస్తాడు. అప్పుడు మొదలవుతుంది పరుగు, ఉస్తాద్ దగ్గరికి, ఉస్తాద్ చెప్పిన తుక్కు దుకాణానికి. అక్కడ సేఠ్ గోనెసంచుల వెనక్కి పోయి దుమ్ము దులిపి ఒక నల్ల డబ్బా తెచ్చి గల్లా మీద పెడతాడు. మూత మీద మనవాడు ఒకనాడు స్వయంగా అంటించుకున్న పులిబొమ్మ స్టిక్కర్ ఇంకా ఉంది. సేఠ్ దాన్ని కొన్నది కిలోల లెక్కన. చెప్పిన రేటు కోన్ ఫిల్టర్‌కు రెండింతలు.

"ఇంతనా సేఠ్?"

"కంపెనీ మాల్ బేటా. ఇది లేకుంటే బండికి పికప్ రాదు."