మార్చేద్దాం గారు

2008 మార్చి 23న ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు తరలిపోయినా బేగంపేటలో శిక్షణ విమానాలు మిగిలాయి, వాటితోపాటు మార్చేద్దాం గారూ మిగిలారు. ఆయన ఒక మనిషి కాదు, మెకానిక్కుల్లో ఒక జాతి. చిన్న విమానాలు నిలిపే ఏ హ్యాంగర్‌లోనైనా ఒకరు తగులుతారు. సెస్నాలో అమ్మీటర్ ముల్లు వణుకుతోందని పైలట్ అనడం పూర్తికాకముందే కళ్లు అరమోడ్చి తీర్పు చెప్పేస్తారు: "రెగ్యులేటరే. మార్చేద్దాం." మల్టీమీటర్ పట్టుకోవడమంటే ఆయనకు తన మీద తనకే అనుమానం ఉన్నట్టు లెక్క. రెగ్యులేటర్ తర్వాత ఆల్టర్నేటర్ వంతు, దాని తర్వాత బ్యాటరీ వంతు. (బీకన్ లైటు వెలిగి ఆరినప్పుడల్లా ముల్లు కాస్త కదిలితే అది రోగమే కాదు, ఆ మాట చెప్పి ఆయన ఉత్సాహం నీరుగార్చకండి.)

ఆయనకు తెలివి తక్కువనుకుంటే పొరపాటు. ఆయన్ని చెడగొట్టింది ఆయన అనుభవమే. సెస్నా 152లో బ్యాటరీ 24 వోల్టులు, ఆల్టర్నేటర్ ఇచ్చేది 28. ఆ 28ని నిలబెట్టాల్సిన రెగ్యులేటర్‌కు, పాతకాలపు చిన్న విమానాల్లో చాలావాటిలో, వోల్టేజి కబురు సర్క్యూట్ బ్రేకర్, మాస్టర్ స్విచ్, కొన్ని కనెక్టర్లు దాటి చేరుతుంది. ఫీల్డు కరెంటూ అదే దారిన వెళుతుంది. దారిలో ఒక జాయింటు తుప్పుపడితే అక్కడ కొంత వోల్టేజి పోతుంది. తక్కువైందనుకుని రెగ్యులేటర్ కరెంటు పెంచుతుంది, పెంచినకొద్దీ ఆ జాయింటులో నష్టం ఇంకా పెరుగుతుంది, ముల్లు ఊగుతుంది. ఇప్పుడు మార్చేద్దాం గారు రెగ్యులేటర్ మార్చాలంటే కనెక్టర్ పీకి మళ్లీ బిగించాలి. ఆ రాపిడికి తుప్పు కాస్త వదులుతుంది, కొన్నాళ్లు ముల్లు నిలుస్తుంది. శుద్ధ కాకతాళీయం, ఖ్యాతి మాత్రం కొత్త రెగ్యులేటర్‌కూ ఆయనకూ దక్కుతుంది. ఇలా పది విమానాలు "బాగుపడ్డాక" ఎవరి నమ్మకమైనా కదులుతుందా?

పార్టులు నిజంగా చెడవా అంటారు. చెడతాయి, ఆల్టర్నేటర్ బ్రష్షులు అరుగుతాయి, బెల్టు వదులవుతుంది. కానీ అవి కూడా చూసి తేల్చుకోవలసినవే. గాల్లో ఎగిరేదానితో చెలగాటమా, అనుమానమొస్తే మార్చడమే క్షేమం కాదా అని ఇంకో మాట. ఇది గట్టి మాటే. ఇంజన్‌కు నిప్పురవ్వ ఇచ్చే మాగ్నెటోలు వేరు కాబట్టి అది ఆగకపోవచ్చు గానీ, వోల్టేజి దాదాపు 31.5కు ఎగబాకితే రక్షణ ఏర్పాటు ఆల్టర్నేటర్‌ను విడగొడుతుంది. ఇక రేడియో, ట్రాన్స్‌పాండర్ బ్యాటరీ ఉన్నంతసేపే. అందుకే అసలు దోషం దొరకాలి. మంచి రెగ్యులేటర్‌ను తీసేసి తుప్పు జాయింటును అక్కడే ఉంచడాన్ని క్షేమమని ఎలా అంటాం?

నిజానికి తప్పు సగం యజమానులది. విమానం రెగ్యులేటర్ రాణిగంజ్ బజారులో బేరమాడి తెచ్చేది కాదు. ధ్రువపత్రంతో, దండిగా బిల్లుతో వస్తుంది. ఆ బిల్లు చూస్తే పని జరిగిందనిపిస్తుంది. "జాయింటు గీకి బిగించాను" అని రాసిస్తే, దీనికీ డబ్బులా అని అడిగేది ఆ యజమానే.

కాబట్టి అయ్యా యజమానులారా, కొలిచినందుకూ కూలి ఇవ్వండి. ఆయన అప్పటికీ ఏదో ఒకటి మార్చందే ఊరుకోనంటే, ముందు అరిగిన మాస్టర్ స్విచ్ మార్చమనండి. రెగ్యులేటర్ కంటే చవక, నేరం చేసి ఉండే అవకాశమూ దానికే ఎక్కువ.