కిరాయి

మేడ్చల్‌లో పెళ్ళిచూపులు. శామీర్‌పేట నుంచి రెండు కార్లలో దిగారు అబ్బాయి తరఫువాళ్ళు. అమ్మాయి తండ్రి నా చిన్ననాటి స్నేహితుడు కనుక మధ్యవర్తి కుర్చీ నాకు పడింది.

ఛాయ రాకముందే అబ్బాయి మేనమామ వంశచరిత్ర ఎత్తుకున్నాడు.

"మా తాత బొంబాయిల పెద్ద ఆసామి. సుక్లాజీ స్ట్రీట్‌ల మూడంతస్తుల మేడ. కిరాయికున్నోళ్ళంతా దొరసానులే! ఏ రోజు కిరాయి ఆ రోజే, పైసా బాకీ లేదు. అది అమ్మిన పైసలతోటే శామీర్‌పేటల పదెకరాలు కొన్నడు."

ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక ఆ పదెకరాల ధర ఎంతయిందో చెప్పి ముగించేసరికి ప్లేట్లలో సర్వపిండి చల్లారింది.

మావాడు మాత్రం తక్కువ తింటాడా? "మా అమ్మోళ్ళదీ బొంబాయే అన్నా. అమ్మ తాత ఈ మేడ్చల్ స్టేషన్లనే బండెక్కి మన్మాడ్ మీదికెళ్ళి పోయిండట. అమ్మ కామాటిపురలనే పుట్టింది."

మేనమామ కప్పు కింద పెట్టాడు. ఆడవాళ్ళ వైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు. "కామాటిపురనా? శుభమా అని సంబంధం మాట్లాడుకుంట గా పేరు తీస్తరా ఎవరన్న?"

నాలోని రిటైరైన సోషల్ మాస్టారు ఆగలేదు. కామాటి అంటే కూలీ. పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచీ నిజాం ఇలాకా తెలుగు కూలీలు వెళ్ళి, రాయి మోసి, సున్నం కలిపి బొంబాయి కట్టారు. వాళ్ళు గుడిసెలేసుకున్న పేట గనుక అది కామాటిపుర. మచ్చ తర్వాత పడింది. రేవుపట్నం కదా, ఓడ దిగిన కళాసీలు, సిపాయిలు ఉండనే ఉన్నారు. 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక పోలండ్, రష్యా, ఆస్ట్రియాల నుంచి పేద ఆడవాళ్ళూ దిగారు. 1868 నాటి అంటురోగాల చట్టం ఒళ్ళమ్ముకునే ఆడవాళ్ళ పేర్లు రిజిస్టర్లోకెక్కించి, బలవంతంగా డాక్టరు ముందుకు తోలింది. 1888లో ఆ చట్టం రద్దయ్యేదాకా వాళ్ళ దగ్గరికి వెళ్ళిన మగవాళ్ళ పేరు ఒక్కటీ ఆ రిజిస్టర్లోకి ఎక్కలేదు.

"పాఠం మంచిగనే ఉంది సార్," అన్నాడు మేనమామ లేస్తూ. "మాకు మాత్రం ఖాందాన్ ముఖ్యం."

ఒక కాలు చెప్పులో పెట్టాడు. అప్పటిదాకా మూలన ఆకు నములుతూ కూర్చున్న అమ్మాయి నాయనమ్మ పిలిచింది.

"ఛాయ తాగి పోండ్రి బిడ్డా. మీరు చెప్పిన సుక్లాజీ స్ట్రీటు మా గల్లీకి ఆమడ దూరమా ఏంది! మేమందరం సఫేద్ గల్లీ అంటుంటిమి. తెల్ల ఆడోళ్ళు ఉండెటోళ్ళని ఆ పేరు. కిరాయి సంగతి మీరు చెప్పింది నిజమే. రాత్రి వచ్చిన పైసల్ల తెల్లారంగనే మేడ యజమానికి ఇయ్యాలె, లేకుంటే సామాను రోడ్డు మీదేనట. మా నాయన చెప్పెటోడు."

మేనమామ రెండో చెప్పు కోసం కాలితో వెతుకుతున్నాడు.

"ఆ మేడలకు ఏటేటా సున్నం కొట్టింది మా నాయననే. మీ తాతది ఎన్నో నంబరు మేడ బిడ్డా?"