లె మాన్‌కి దారి ఖర్చులు

కారేసుకుని పరదేశం పోయి మోటారు పందెం చూడాలనుకున్నవాడికి డ్రైవింగ్ కంటే ముందు రావాల్సిన విద్య ఇంట్లో బిల్లు పాస్ చేయించుకోవడం. మా ఇంట్లో ఆర్థిక శాఖ మా ఆవిడది. ప్రతిపాదన ఆవిడ తమ్ముడిది. "రెడింగ్‌కీ లె మాన్‌కీ ఎంత దూరం బావా! ఇలా సముద్రం దాటామా, అలా ఫ్రాన్సు" అంటూ వంటింటి గట్టు మీద కాగితం పరిచి అయిదు పద్దులు రాశాడు: టికెట్లు, సముద్రం, పెట్రోలు, గుడారం, తిండి. కింద గీత కొట్టి కూడాడు. వచ్చిన మొత్తం ఎంత ముచ్చటగా ఉందంటే, ఇంట్లో కూర్చోవడమే దండగ అనిపించింది.

మా ఆవిడ కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇంతేనా?"

"అంతే అక్కా. అన్నీ రాసేశాను."

"రాయనివి చెప్పు."

వాడు వెంటనే చరిత్రలోకి దిగాడు. డబ్బు సంగతి అడిగితే చరిత్ర చెప్పడం ఈ పందేల పిచ్చివాళ్లందరికీ ఉన్న జబ్బే. లె మాన్ పందెం 1923లో మొదలైంది. మామూలుగా జూన్ నెలలో, శనివారం సాయంత్రం నాలుగింటికి జెండా ఊపితే మళ్లీ ఆదివారం సాయంత్రం నాలుగింటికే ఆట కట్టు. ఒక్కో కారుకు ముగ్గురు డ్రైవర్లు, వంతులవారీగా. ఒక చుట్టు 13.626 కిలోమీటర్లు, అందులో కొంత భాగం మిగతా ఏడాదంతా ఊరి జనం తిరిగే మామూలు రోడ్డే. 2012లో మన కరుణ్ చందోక్ ఇక్కడ నడిపితే వాళ్ల జట్టు ఆరో స్థానంలో నిలిచింది. ఫోన్లో ఇదంతా వింటున్న మా అమ్మ, "అరుణాచలం గిరిప్రదక్షిణ కూడా పద్నాలుగు కిలోమీటర్లేగా నాయనా. దానికి టికెట్టు లేదు, పుణ్యం అదనం" అంది.

"రేసే చూడాలనుంటే 2023లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పెట్టారుగా, అప్పుడెందుకు వెళ్లలేదూ?" అని మా ఆవిడ నిలదీసింది. అప్పటికే ఇక్కడున్నాం కదా అని నేను సర్దబోయాను. "మరుసటి ఏడాది రేసు రద్దయింది, చెల్లింపుల మీద కేసు కూడా పడింది. ప్రభుత్వాలకే తెమలని పద్దు మీ ఇద్దరికీ తెములుతుందా?" అయినా బిల్లు పాసైంది, ఒకే ఒక్క సవరణతో. ఆవిడా వస్తుంది. గుడారం ఇద్దరికైనా ముగ్గురికైనా ఒకటే ఖర్చని రాసింది తమ్ముడే మరి.

అనుబంధ పద్దులు వీసాతో మొదలయ్యాయి. బావమరిదిది బ్రిటిష్ పాస్‌పోర్టు, వాడికి వీసా అక్కర్లేదు. అందుకే ఆ వరస వాడి కాగితంలో లేదు. మావి మూడు సింహాల పాస్‌పోర్టులు. షెంగెన్ వీసాకు తలకు 90 యూరోలు, దాని మీద సర్వీసు రుసుము, 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆఫీసు నుంచి సెలవు ఉత్తరం. ఇవన్నీ సరే. బస ఎక్కడో రుజువు చూపించమన్నచోట మాత్రం మా దగ్గర ఉన్నది పందెం మైదానం పక్కన ఇంత గడ్డి నేల మాదేనన్న కాగితం. కౌంటర్లో ఉన్నమ్మాయి ఆ కాగితం చూసి, మా ఆవిడని చూసి, నా వంక చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. ఆ చూపులో జాలి ఎవరి మీదో చెప్పక్కర్లేదు.

తర్వాత సముద్రం. దాటడానికి రెండు దారులు. పోర్ట్స్‌మత్ నుంచి నార్మండీలోని కాన్ రేవుకు ఓడ. పగటిపూట ఆరు గంటలు పడుతుంది, దిగాక లె మాన్ దగ్గరే. లేదంటే ఫోక్‌స్టన్‌లో కారును రైలెక్కిస్తే సొరంగంలోంచి 35 నిమిషాల్లో కలే. కాకపోతే అక్కణ్ణుంచి 400 కిలోమీటర్ల పైన నడపాలి. ఓడలో టికెట్టు ఎక్కువ, పెట్రోలు తక్కువ. రైల్లో టికెట్టు తక్కువ, పెట్రోలూ టోలూ ఎక్కువ. పైగా ఆ వారం సగం ఇంగ్లండు అటే పోతోందా అన్నట్టుంటుంది, ధరలు గంటకో రకం. నేనూ బావమరిదీ ఓ రాత్రంతా కూర్చుని రెండు దారులకూ పైసలతో సహా లెక్క కట్టాం. తేడా రెండు కాఫీల ఖరీదు తేలింది. "నాకు ఓడ పడదు" అని మా ఆవిడ పొద్దున్న ఒక్క ముక్కలో తేల్చేసింది.

ఫ్రాన్సులో కారు నడపాలంటే కారులోనే ఓ చిన్న దుకాణం పెట్టాలి. మెరిసే జాకెట్లు, అవీ డిక్కీలో పెడితే కుదరదు, చేతికందేలా ఉండాలి. ముక్కోణపు హెచ్చరిక బోర్డు. వెనక యూకే అని స్టిక్కరు. 2012లో ప్రతి కారులోనూ బ్రెతలైజర్ ఉండాలని ఓ నియమం పెట్టారు. లేకపోతే జరిమానా మాత్రం వెయ్యలేదు, 2020లో ఆ నియమాన్నే ఎత్తేశారు. మా బావమరిది అయినా కొన్నాడు. మందు ముట్టని ముగ్గురికి జత బ్రెతలైజర్లు. అడిగితే, "తగ్గింపులో ఉన్నాయి" అన్నాడు. తగ్గింపులో ఉన్న వస్తువు పద్దులోకి రాదని వాడి సిద్ధాంతం.

ఇక హెడ్‌లైట్లు. ఇంగ్లండు కారు దీపాలు ఎడమ అంచు వైపు కొడతాయి. ఫ్రాన్సులో కుడివైపు నడిపేటప్పుడు అదే వెలుగు ఎదురొచ్చేవాడి కళ్లలో పడుతుంది. దానికి విరుగుడు రెండు బొటనవేలంత స్టిక్కర్లు. వాటితోపాటు వచ్చే పటంలో లోకంలోని కార్ల పేర్లన్నీ ఉంటాయి, మన కారు తప్ప. సన్నటి జల్లులో నేను అద్దం తుడుస్తుంటే వాడు స్టిక్కరు పట్టుకుని "ఇంకాస్త పైకి బావా, కాదు కిందకి" అంటూ పెళ్లివారింట్లో మామిడాకుల తోరణం కట్టిస్తున్నట్టు ఆజమాయిషీ చేశాడు. ఆ స్టిక్కర్ల ధరకి మా నానమ్మ రోజుల్లో లాంతరు వచ్చేది.

తిండి పద్దు దగ్గర అసలు దెబ్బ తగిలింది. బ్రెగ్జిట్ తర్వాత బ్రిటన్ నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్లకూడదు. 2021 జనవరిలో నెదర్లాండ్స్ రేవులో లారీ డ్రైవర్ల చేతుల్లోంచి హామ్ శాండ్‌విచ్‌లు లాక్కున్న వార్త చదివే ఉంటారు. మా ఆవిడ ఆ నియమాలు ముద్రించి తెచ్చి, గరిటె చివరతో ఒక్కో పంక్తీ చదివింది. పులిహోరకు అడ్డు లేదు. కందిపొడికి లేదు. ఆవకాయకి లేదు. నెయ్యికి ఉంది, పెరుగుకు ఉంది.

"నెయ్యి లేకుండా కందిపొడి ఎలా తింటార్రా మనుషులు?" అంది, యూరప్ మొత్తాన్నీ ఉద్దేశించి.

దానికి పరిష్కారం ఆవిడే చూసింది. దారిలో ఓ ఫ్రెంచి సూపర్‌మార్కెట్లో ఆగి నార్మండీ వెన్న కొంది. పెట్రోలు కూడా అక్కడే కొట్టించాం. హైవే బంకుల్లో కంటే సూపర్‌మార్కెట్ల దగ్గరే చవకని ఈ దేశంలో చిన్నపిల్లలకి కూడా తెలుసట. కార్డు యంత్రం పౌండ్లలో కట్టమంటారా, యూరోల్లోనా అని మర్యాదగా అడిగితే యూరోల్లోనే అనాలి. పౌండ్లంటే మారకం రేటు వాడు తనకు నచ్చినట్టు వేసుకుంటాడు. మా బావమరిది మాత్రం ప్రతిదాన్నీ యూరోల్లోంచి పౌండ్లలోకి, పౌండ్లలోంచి రూపాయల్లోకి మార్చి, చివర "అమ్మో" అనేవాడు.

టోలు గేటు దగ్గర అసలు తమాషా. మన స్టీరింగు కుడివైపు, ఫ్రాన్సు టోలు పెట్టె ఎడమవైపు. అంటే కారు నడిపేవాడొకడు, డబ్బు కట్టేది పక్కనున్నవాళ్లు. ఆ సీట్లో ఆర్థిక శాఖే కూర్చుని ఉంది. ఆవిడ నడుము దాకా కిటికీలోంచి బయటికి వంగి, ఓ చేత్తో చీటీ, ఓ చేత్తో కార్డు, పళ్లతో పర్సు పట్టుకుని ఫ్రెంచి యంత్రంతో తెలుగులో బేరమాడుతుంటే వెనక వరసలో ఓ పాత పోర్షా ఓపిగ్గా రెండుసార్లు హారన్ కొట్టింది. "ఇంకాస్త దగ్గరగా ఆపితే మీ సొమ్మేం పోయిందండీ?" అని నాకో చురక. రూవాఁ దాటాక ఎ28 మీద అలా గేటు తర్వాత గేటు. ప్రతి గేటు దగ్గరా ఆవిడ రశీదు తీసుకుని, మడిచి, పర్సులో ఓ ప్రత్యేక అరలో దాచింది. వెనక సీట్లో తమ్ముడు ఎందుకో క్రమంగా మౌనవ్రతంలోకి జారుకున్నాడు.

వేగం సంగతి చెప్పనే లేదు. ఎండలో 130, వానలో 110. ఆ వారాంతం పోలీసులు ఆ దారుల మీద ప్రత్యేక శ్రద్ధ పెడతారు, జరిమానా అక్కడికక్కడే వసూలు. కాబట్టి ఒకప్పుడు ఓ ప్యూజో గంటకి 405 కిలోమీటర్లు అందుకున్న పందెం చూడ్డానికి మేం వానలో 110 దాటకుండా, కుడి అంచు పట్టుకుని, భక్తిగా వెళ్లాం. 1988లో ఆ 405 నమోదయ్యాకే, 1990లో, ఆరు కిలోమీటర్ల తిన్నని రోడ్డు మధ్యలో రెండు మెలికలు పెట్టారు. మా పద్దుకు కూడా అలాంటి మెలికొకటి పెట్టి ఉంటే బాగుండేది.

పందెం రోజు మధ్యాహ్నానికి మా గుడారం చుట్టూ ఇంగ్లండు వాళ్లు సోఫాలు, గాలి కొట్టిన ఈత తొట్లు దింపుకుని కాపురం పెట్టేశారు. మధ్యలో మా గ్యాస్ పొయ్యి. దాని మీద నార్మండీ వెన్న. సన్నటి సెగ మీద అది చిటపటమంటూ, అడుగున గోధుమరంగు గసి దిగి, కమ్మటి వాసన లేచేసరికి పక్క సోఫాలోంచి ఓ ఎర్రటి పెద్దమనిషి లేచొచ్చి ఇది ఏ ఇంజిన్ ఆయిలని అడిగాడు. ఆయనకి వేడన్నంలో కందిపొడి కలిపి, మీద కొత్త నెయ్యి వేసి పెడితే తిన్నంతసేపూ నోరు మెదపలేదు. తర్వాత వాళ్ల గుంపంతా గిన్నెలతో వచ్చింది. అలా తిండి పద్దు ఒక్క పూటలో రెండింతలైంది. మా ఆవిడ ముఖంలో మాత్రం ప్రయాణం మొత్తం మీద మొదటిసారి సంతోషం కనిపించింది.

ఆ ఏడు, అంటే 2025లో, జెండా ఊపింది రోజర్ ఫెదరర్. కార్లు కదిలిన మరుక్షణం బావమరిది ఓ ఆజ్ఞ జారీచేశాడు: "ఎవరూ పడుకోవద్దు. టికెట్టు ధరని ఇరవై నాలుగుతో భాగించండి. పడుకున్న ప్రతి గంటా డబ్బు నేలపాలే." ఫార్ములా వన్ గంటన్నరలో అయిపోతుంది, గంట లెక్కన చూస్తే లె మానే చవక అని వాడి వాదన. చెవుల్లో పెట్టుకునే బిళ్లలు మాత్రం మర్చిపోయాడు. అవి లోపల ఎంతకి అమ్ముతారో చెబితే మీరు చెవులు మూసుకుంటారు, బిళ్లలక్కర్లేకుండానే.

నిజం చెప్పొద్దూ, చీకటి పడ్డాక నాకూ ఒళ్లు జలదరించింది. బ్రేకుల్లో చక్రాలు నిప్పుకణికల్లా ఎర్రబడి, దీపాలు రోడ్డును కోసుకుంటూ పోతుంటే, ఇన్ని రశీదులూ ఒక్కసారిగా న్యాయంగానే కనిపించాయి. నాకు అన్నిటికంటే నచ్చింది వేరు. ఇదే లె మాన్‌లో ఒకప్పుడు ఇంధనం బాగా పొదుపు చేసిన కారుకి విడిగా బహుమతి ఉండేది. కారు కొన్నామనగానే "లీటరుకెంతిస్తుంది?" అని అడిగే మా మావయ్యలు పుట్టాల్సిన ఊరు ఇది. ఇప్పటికీ అంతే. ఏ చుట్టులో లోపలికి రావాలో, ఎంత ఇంధనం పొయ్యాలో, ఏ టైరు ఎన్ని చుట్లు మోస్తుందో చుక్క తేడా రాకుండా కట్టేవాడే గెలుస్తాడు. పసుపు రంగు ఫెరారీ, 83వ నంబరు, 387 చుట్లు. 2011లో ర్యాలీ ప్రమాదంలో కుడి చెయ్యి చితికిపోయిన రాబర్ట్ కుబిట్సా ఆ కారు నడిపిన ముగ్గురిలో ఒకడు. ఇరవై నాలుగు గంటలు పరిగెత్తాక రెండో స్థానంలో వచ్చిన పోర్షాకీ దానికీ తేడా 14 సెకన్లు. అంచనాలు వెయ్యడం అంటే అదీ.

మా అంచనా సంగతి తిరుగు దారిలో తేలింది. నార్మండీ తీరం కూడా చూసిపోదామన్నాడు వాడు. ఆ ఎ13 రోడ్డు మీద గేట్లే ఉండవు. కెమెరా నంబరు చూసుకుంటుంది, 72 గంటల్లోగా మనమే గుర్తుపెట్టుకుని కట్టాలి. గేటు లేదు కాబట్టి టోలు లేదనుకున్నాడు మా ప్రణాళికా సంఘం అధ్యక్షుడు. బోర్డు చదివింది ఆవిడే, ఫోన్లో కట్టిందీ ఆవిడే. ఆ తర్వాత రైలు కోసం వరసలో ఆగినప్పుడు పర్సులోంచి రశీదుల కట్ట తీసి డ్యాష్‌బోర్డు మీద పేర్చింది. అయిదు పద్దుల కాగితం వెనక్కి తిరిగి, రెండో పేజీకి పోయి, సూపర్‌మార్కెట్ సంచీ మీద ముగిసింది. అందులో అనుకున్న ధరకే వచ్చింది పందెం టికెట్టు ఒక్కటే. అన్నిటికంటే పెద్ద పద్దు పేరు "ఇతరములు".

"తిలాపాపం తలా పిడికెడు. మూడు వాటాలు" అన్నాను నేను.

"ఆగండి" అంది ఆవిడ. "ఒరేయ్, నువ్వు రాత్రి ఎప్పుడు పడుకున్నావు?"

"పడుకోలేదక్కా. కాస్త కళ్లు మూసుకున్నాను."

"రెండింటికి మూసుకుని ఏడింటికి తెరిచావు. అయిదు గంటలు. గంటకెంతో నువ్వే కట్టావుగా, ఆ నష్టం నీ వాటాలో వేస్తున్నాను."

"నిద్రలో కూడా చప్పుడు వినపడుతూనే ఉందక్కా!"

ఆవిడ కలం ఆపి ఓ క్షణం ఆలోచించింది. "సరే, అయితే సగం కట్టు."