పొద్దుగూకితే మొరాయించే బుల్లెట్

పాత బుల్లెట్‌ను ఒట్టి కాలి బలంతో స్టార్ట్ చేయబోతే మోకాలు పోతుంది. దానికో పద్ధతి ఉంది. కీ ఆన్ చేసి, కిక్ రాడ్ మెల్లగా నొక్కుతూ, హెడ్‌లైట్ పైనున్న ఆంపియర్ మీటర్ చూడాలి. లోపల పాయింట్లు కలిస్తే సూది మైనస్ వైపు వాలుతుంది, విడిపోగానే మధ్యకు వస్తుంది. అక్కడ ఆపి, డీకంప్రెషన్ లివర్ పట్టి పిస్టన్‌ను వెంట్రుకవాసి దాటించాలి. లివర్ వదిలి, కిక్ పైకి రానిచ్చి, అప్పుడు ఒంటి బరువంతా వేసి దిగాలి. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైన కాలం నుంచి ఆ 346 సీసీ ఒంటి సిలిండర్ ఇంజన్ యాభై ఏళ్లకు పైగా పెద్దగా మారలేదు. దాన్ని లేపే పద్ధతీ మారలేదు.

మా నాయినకు ఆ సూది ఒక్కటి చాలు, రోగం చెప్పేసేవాడు. జనగామలో హైదరాబాద్ రోడ్డు మీద ఆయన షెడ్డు. చుట్టుపక్కల ఊళ్ల బుల్లెట్లు, రాజ్‌దూత్‌లు, యెజ్డీలు అక్కడికే వచ్చేవి. ఆయన చేతికి లొంగలేదని పేరుపడ్డ బండి ఒక్కటే. అది సొంత చెల్లెలికి కట్నంగా ఇచ్చిన బుల్లెట్.

1984లో మా తాత మానుకోట దగ్గర రెండెకరాలు అమ్మి అల్లుడికి దాన్ని కొనిచ్చాడు. నాయిన వాటాకు రావాల్సిన భూమి అది. ఆ మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు.

మామ సింగరేణి కార్మికుడు. భూపాలపల్లిలో కేటీకే గనికి మారినంక బండికి విచిత్రమైన జబ్బు పట్టుకుంది. పొద్దున మొదటి షిఫ్టుకు ఒక్క కిక్కుకు లేచేది. పొద్దుగూకితే లేచేది కాదు. ఏ బండైనా చలికి తెల్లవారుజామున మొరాయిస్తుంది, వేడెక్కితే దారికొస్తుంది. దీని తీరు తలకిందులు. అదీ రోజూ కాదు. జీతాల రోజు మాత్రం తప్పేది కాదు. తర్వాత్తర్వాత దసరా ముందు లాభాల వాటా పడ్డప్పుడు వరసగా నాలుగైదు రాత్రులు పలికేది కాదు. మామ చెమటలు కారేదాకా కొట్టి, క్వార్టర్ ముందంతా పెట్రోలు కంపు చేసి, బండిని నాలుగు తిట్టి లోపలికొచ్చి పడుకునేవాడు.

మర్నాడు నాయినకు కబురొచ్చేది. చేతిలో పని ఆపి, పానాల సంచి భుజానేసుకుని, హనుమకొండ, పరకాల మీదుగా బస్సులు మారి పోయేవాడు. పోయి కొడితే ఒక్క కిక్కుకే స్టార్ట్. అయినా ప్లగ్గు గీకి, పాయింట్లు తుడిచి, కండెన్సర్ మార్చి, "అంతు దొరుకుతలేదు బావా" అని చెప్పి వచ్చేవాడు. వచ్చే నెల మళ్లీ అదే కథ.

"సొంత చెల్లె మొగని బండి బాగుచెయ్యరానోడు మందివి ఏం చేస్తడు?" అని మామ పెళ్లి పందిట్లో పదిమంది ముందర అనడం నేను విన్నాను. నాయిన తల వంచుకుని అన్నం తిన్నాడు. జనగామ, మానుకోట, భూపాలపల్లి 2016 దసరా నాడు మూడు జిల్లాలయ్యాయి గానీ అప్పుడు మూడూ వరంగల్ జిల్లావే. చుట్టాలంతా ఆ మూడు చోట్లే. మాట ఆగుతుందా? బుల్లెట్లున్నవాళ్లు ఒక్కొక్కరే వేరే షెడ్లకు మళ్లారు. చివరి రోజుల్లో నాయినకు పంచర్ల పనే ఎక్కువ.

ఆయన పోయినంక ఆ బండి సంగతి తేల్చకుండా ఉండలేకపోయాను. మామ రిటైరయ్యాడు, బుల్లెట్ రేకుల కింద తుప్పు పడుతోంది. అడిగి, ట్రాలీలో వేయించి జనగామకు తెచ్చుకున్నాను.

పెట్రోలు ఎండి జిగురై స్లో జెట్ మూసుకుపోయింది. తీగతో పొడిస్తే రంధ్రం పెద్దదవుతుంది. అందుకే నానబెట్టి గాలి కొట్టాను. ఏళ్లకేళ్లు కదలక నిలబడ్డందుకు ఆయిల్ అంతా క్రాంక్‌కేసులోకి దిగింది, అది దించాను. అడ్వాన్స్ బరువులు బిగుసుకుపోయాయి. అవి ఆడకపోతే స్పార్క్ ముందే పడి కిక్ వెనక్కి తంతుంది, మడమలు విరిగేది అక్కడే. పాయింట్ల గ్యాప్ 0.35, 0.40 మిల్లీమీటర్ల మధ్య పెట్టాను. టైమింగ్‌కు నాయిన నేర్పిన పద్ధతే. పాయింట్ల నడుమ సిగరెట్ కాగితం పెట్టి, దాన్ని వేళ్లతో లాగిపట్టి ఇంజన్‌ను మెల్లగా తిప్పాలి. కాగితం జారి చేతికొచ్చిన క్షణమే స్పార్క్ పుట్టే క్షణం. అప్పటికి పిస్టన్ పై అంచుకు 0.8 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి.

పాయింట్ల మూత విప్పినప్పుడు లోపల ఒక కాగితం తునక కనిపించింది. నాయిన టైమింగ్ పెట్టినప్పుడు చిరిగి పడిందనుకున్నాను. కానీ సిగరెట్ కాగితం ఉల్లిపొరలా ఉంటుంది. ఇది మందం, ఒక పక్క ఎర్ర అచ్చు. గోడ కేలండర్‌ది. తీసి చొక్కా జేబులో వేసుకున్నాను.

పొద్దున, సాయంత్రం, వానలో, ఎండలో కొట్టి చూశాను. ఎప్పుడు కొట్టినా ఒకటి రెండు కిక్కులకు లేస్తోంది. ఒక సాయంత్రం దాని మీదనే భూపాలపల్లి పోయాను. చీకటి పడ్డాక మామ చేతికి కీ ఇచ్చాను. ఆయన కిక్ నొక్కాడు, సూది మైనస్‌కు వాలింది.

"అగో, రాత్రిపూట ఈ సూది కదలకపోయేది అల్లుడా," అన్నాడు. మరుక్షణం ఇంజన్ డబడబమంది. మామ కళ్లలో నీళ్లు తిరిగాయి.

సూది కదల్లేదంటే పాయింట్లు కలవలేదని అర్థం. పొద్దున కలిసే పాయింట్లు రాత్రికెందుకు కలవవు? జేబులో తునక తీసుకుని వంటింట్లోకి పోయాను. అత్త చాయ్ పెడుతోంది. ఆమె ముందర పెట్టాను.

చాలాసేపు చూసి మంట తగ్గించింది. "పావలా బిళ్లతోని మూత ఇప్పేదాన్ని. కేలండర్ కాగితం మడిచి నడుమల పెట్టేదాన్ని. తెల్లారి మీ మామ లేవకముందే తీసేదాన్ని. పత్తాల కాడికి పోతే జీతం ఇంటికి రాకపోయేది బిడ్డా. ఒకపారి నా పుస్తెలు గూడ పోయినయి."

"ఇంజన్ పని నీకెవరు చెప్పిండ్రత్తా?"

వాకిట్లో మామ పక్కింటాయనతో గట్టిగా అంటున్నాడు, "వాళ్ల నాయినతోని కాని పని పోరడు చేసిండు!"

"ఎవరు చెప్తరు బిడ్డా, మీ నాయినే," అంది అత్త. "'నాకు పని రాదని ఊరంత అనుకోనియ్ చెల్లె, నువ్వు మాత్రం మూత బిగించుడు మర్వకు' అన్నడు."